శిశిర వృక్ష సౌందర్యము
(శ్రీశైల మార్గమున ఒక పాఠము)

మన పంచాంగము ననుసరించి మాఘ ఫాల్గుణ మాసములు శిశిరర్తువు. తెలుగువారు దీనికి ఆకురాలు కాలమని పేరిడిరి. వసంతమునకు కోయిల కలదు. వర్షర్తువునకు మేఘము కలదు. శరత్తునకు వెన్నెల కలదు. శిశిరమునకు మాత్రము రాలిన ఆకు తప్ప వేఱొక గుర్తు లేదని లోకుల తలంపు. కాళిదాసుని ఋతుసంహారము గ్రీష్మముతో ఆరంభమై వసంతముతో ముగియును. అందు శిశిరము అయిదవది, అనగా వసంతమునకు వాకిలి వంటిది. వాకిట ఎవరును నిలువరు, దాటి లోనికి పోవుదురు. ఆ వాకిట కొంత తడవు నిలిచి చూచుటకై ఈ పాఠము వ్రాయబడినది.

శివభక్తులకు ఈ ఋతువుతో విడదీయరాని సంబంధము కలదు. మాఘ బహుళ చతుర్దశి మహాశివరాత్రి. ఆనాటికి శ్రీశైలము చేరుటకు యాత్రికులు శతాబ్దులుగా నల్లమల అడవిలో నడచుచున్నారు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమను పేర ఒక భాగమునే ఈ యాత్రకును, ఈ క్షేత్రమునకును కేటాయించెను. పదునాలుగవ శతాబ్దిలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకు సోపానములు కట్టించెను. ఆత్మకూరు దిక్కునుండి వెంకటాపురము, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారముల మీదుగా పోవు కాలిబాటను కన్నడ దేశపు భక్తులును, మనవారును నేటికిని ఎఱుగుదురు. ఈ బాటను నడచువారు చూచు అడవి పచ్చని అడవి కాదు, ఆకు రాల్చిన అడవి. అయినను మనము యాత్రను గూర్చి చెప్పునప్పుడు కొండను చెప్పుదుము, కొలనును చెప్పుదుము, గుడిని చెప్పుదుము, అడవిని చెప్పము. “ఏముంది, అంతయు ఎండిపోయి యున్నది” అని ఒక్క మాటతో దాటవేయుదుము. ఆ మాట నిజమా యని విచారింతము.

మోడు అను మాట

ఆకులు లేని చెట్టును మనము మోడు అందుము. ఈ మాటలో రెండర్థములు కలిసిపోయినవి. కొట్టివేయగా మిగిలిన మొద్దు మోడే. ఆకు రాల్చి నిలిచిన సజీవ వృక్షమును మోడే. చచ్చినదానికిని, బ్రతికియున్నదానికిని ఒకే మాట వాడుటచే మన చూపు కూడ ఒకటే అయినది. ఒక ఉదాహరణము చెప్పెదను.

నేను పనిచేసిన ఒక గ్రామమున బాట ప్రక్కన పెద్ద దిరిసెన చెట్టుండెడిది. మాఘమాసమున దాని ఆకంతయు రాలి, ఎండిన కాయలు మాత్రము కొమ్మల నుండి వ్రేలాడుచు గాలికి గలగలలాడెడివి. ఒక ఏడు దానిని ఎండినదని తలచి నరికివేసిరి. నరికిన మొదట పచ్చిదనము స్పష్టముగా కనబడెను. తొలకరి వానలకు ఆ మొద్దు చుట్టును గుత్తులు గుత్తులుగా చిగుళ్లు లేచినవి. చెట్టు తాను బ్రతికియుంటినని అప్పుడు చెప్పుకొన్నది, కాని వినదగిన వేళ దాటిపోయినది. నలువది, ఏబది సంవత్సరముల నీడ ఒక్క పూటలో పోయెను. ఇట్టి సంఘటనము ఒక్క గ్రామముననే జరిగినది కాదు. ఆకు లేనిది ప్రాణము లేనిదను తలంపు ఉన్నంత కాలము ప్రతి శిశిరమునను ఎక్కడనో ఒకచోట జరుగుచునే యుండును.

ఈ మాట చెట్టుతోనే ఆగలేదు. భర్తను కోల్పోయిన స్త్రీని గూర్చి “మోడువారిన బ్రతుకు” అనుట మన భాషలో నున్నది. కథలలో వ్రాయుదురు, నాటకములలో పలుకుదురు, ఇండ్లలో ఆమె వినుచుండగనే అందురు. శుభకార్యమున ఆమెను వెనుకకు నెట్టుటకు ఈ మాటయే మొదటి మెట్టు. ఆకు రాల్చిన చెట్టును సరిగా చూచినవాడు ఈ మాటను అట్లు వాడలేడు. కావున వృక్షసౌందర్యమును గూర్చిన ఈ పాఠము కేవలము వినోదమునకు చెప్పునది కాదు. చూపు మారినచో మాట మారును. మాట మారినచో నడవడి మారును.

ఆకు ఏల రాలును?

శీతల దేశములందు చలికిని, పగటి పొద్దు తఱుగుటకును చెట్లు ఆకు రాల్చును. అచ్చట మార్గశిర పుష్యములకే చెట్లు బోసిపోయి మంచులో నిలుచును. మన బాలురు ఆంగ్ల వాచకములలో ఆ చిత్రములను చూచి, ఆకురాలు కాలమనగా అదియేనని తలంతురు. మన చెట్ల కథ వేఱు. మన అడవులలో ఆకు రాలుటకు ముఖ్య కారణము నీటి కొఱత. నల్లమలకు వానలు జ్యేష్ఠాషాఢములలో ఆరంభమై ఆశ్వయుజ కార్తికములతో ముగియును. తరువాత ఆరేడు మాసములు నేల క్రమముగా ఎండుచుండును. వేళ్లు పీల్చిన నీటిలో నూటికి తొంబది పాళ్లకు పైగా ఆకులయందలి సూక్ష్మరంధ్రముల గుండ ఆవిరియై పోవును. నేలలో నీరు తఱుగుచుండగా ఆకులను నిలుపుకొనుట వృక్షమునకు ఆత్మహత్య వంటిది. అందుచే అది తన వ్యయమును ముందుగానే తగ్గించుకొనును. బుద్ధిమంతుడైన గృహస్థు కఱవు రాకమునుపే ఖర్చు తగ్గించుకొనుట వంటిదిది.

ఆ పనిని చెట్టు చేయు తీరు మిక్కిలి నేర్పు గలది. ఆకును అది తటాలున విడువదు. మొదట ఆకులోని పత్రహరితమును విడగొట్టి, అందున్న నత్రజని, భాస్వరము మొదలైన పోషకద్రవ్యములలో సుమారు సగమును కొమ్మలోనికి వెనుకకు తీసికొనును. ఆకుపచ్చ వన్నె తొలగగా, దాని చాటున అంతవఱకు దాగియున్న పసుపు వన్నె బయటపడును. పండుటాకు అందము ఇట్లు కలుగుచున్నది. అటుపిమ్మట తొడిమ మొదట ఒక సన్నని పొర బలహీనపడును. దాని వెనుక కొమ్మవైపున బెండు వంటి మఱియొక పొర ఏర్పడి గాయమును ముందుగానే మూసివేయును. అప్పుడు చిన్న గాలి వీచినను ఆకు రాలును. గాలి ఆకును త్రెంచెనని మనమందుము. నిజమునకు చెట్టు సిద్ధపడి విడిచినది, గాలి దానిని క్రిందికి దించినది.

ఆకు రాలిన చోట కొమ్మపై ఒక మచ్చ నిలుచును. దానికి పైన, తొడిమ కొమ్మతో కలిసిన మూలయందు, ఒక చిన్న మొగ్గ కనబడును. రాబోవు ఏటి కొమ్మ అందులోనే యున్నది. ఆ మొగ్గ ఆకు రాలిన తరువాత పుట్టినది కాదు. ఆకు పచ్చగా నున్నప్పుడే, దాని చంకలోనే, అది ఏర్పడినది. ఇంతకంటె గొప్ప ఓదార్పు మాటను నేనెఱుగను. పోయినదానికి మాఱు వచ్చునది, పోకముందే సిద్ధమై యున్నది.

వృక్షములను గుర్తించుట

శిశిరమున నల్లమల తన పేరునకు తగినట్లు నల్లగా నుండదు. దూరము నుండి చూచినచో కొండలన్నియు విభూతి పూసికొన్నట్లు బూడిద వన్నెతో నుండును. దగ్గఱకు పోయి చూచినచో ఆ బూడిద వన్నెలో ఎన్నో భేదములు తోచును. ఆకులున్నప్పుడు చెట్లన్నియు పచ్చన. ఆకులు పోయినప్పుడే ఏ చెట్టు రూపు దానిదగును. కొన్నింటిని పరిచయము చేసెదను.

తపసి: ఱాతి గుట్టలపై పెఱుగు చెట్టు. దీని బెరడు తెల్లనై, నునుపై, కాగితము వలె పలుచని పొరలుగా ఊడుచుండును. వెన్నెల రాత్రులలో ఈ చెట్టు తెల్లగా మెఱయుచు దూరము నుండియే కనబడును. పై పొర క్రింద ఆకుపచ్చని పొర యుండుటచే, ఆకులు లేనప్పుడును బెరడే కొంత ఆహారమును తయారుచేయగలదు. దీని జిగురును చెంచులు సేకరింతురు; 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ దానిని కొనుచున్నది. ఆ పేరు ఎట్లు వచ్చినదైనను, ఱాతిపై ఆకు లేక నిలిచిన ఆ తెల్లని రూపమును చూచినచో అది తగిన పేరే యనిపించును.

నల్లమద్ది: దీని బెరడు నల్లనై, మొసలి వీపు వలె గండ్లు గండ్లుగా పగిలియుండును. చూచుటకు కఠినము; లోపల జలము. 2024 మార్చి నెలలో పాపికొండల జాతీయ వనమున అటవీ ఉద్యోగులు కొండరెడ్లు చెప్పిన గుర్తును బట్టి ఒక నల్లమద్ది బెరడును చీల్చగా నీరు ధారగా వెలువడిన వార్త పలువురు విన్నదే. ఎండిపోయినదని మనమనుకొన్న చెట్టు ఎండకాలమునకు నీరు దాచుకొని యున్నదన్నమాట.

చిరుమాను: దీని మ్రాను బూడిద తెలుపు. ఆకు రాలుటకు ముందు ఎఱుపు కలిసిన రాగి వన్నెకు తిరుగును. కొండవాలున ఈ చెట్లు గుంపుగా నున్నచోట కొలది దినములు కొండయే రాగి రేకు కప్పికొన్నట్లుండును.

టేకు: ఆకు అడుగు మొదలు రెండడుగుల వఱకు పొడవుండును. అది రాలునప్పుడు చప్పుడు వినబడును. అడవిలో నడచువానికి ఏ జంతువు వచ్చుచున్నదో ముందుగా తెలుపునవి ఈ ఆకులే. కొమ్మలు ఎదురెదురుగా జంటలుగా బయలుదేఱుట ఆకులు పోయిన పిదప స్పష్టమగును.

బూరుగ: నిటారైన మ్రాను. దాని చుట్టును కొమ్మలు అంతస్తులు అంతస్తులుగా అడ్డముగా చాచుకొని యుండును. దేవాలయ గోపురము కట్టు నేర్పు దీనిలో కలదు. ఆకు ఒక్కటియు లేని ఆ కొమ్మలపై ఎఱ్ఱని పెద్ద పువ్వులు పూచును. మైనలు, కాకులు, ఉడుతలు తేనెకై మూగును.

మోదుగ: వంకరలు తిరిగిన చెట్టు. తక్కిన కాలమున దీనిని ఎవరును కన్నెత్తి చూడరు. మాఘ ఫాల్గుణములలో ఆకు రాలిన కొమ్మలు నిప్పు వన్నె పూలతో నిండును. కాముని పున్నమకు ఈ పూలతో రంగు తీయుట మన పల్లెల ఆచారము. ఆకుల మఱుగు లేకుండుటచే పువ్వు దూరము నుండి పక్షులకు కనబడును, పక్షి వచ్చును, పుప్పొడి ఒక పువ్వు నుండి వేఱొక పువ్వునకు చేరును. కావున ఆకు రాలుట పూచుటకు అడ్డంకి కాదు, తోడ్పాటే. కొండగోగు కూడ ఇట్లే ఆకులు లేని కొమ్మల చివరల పచ్చని పసుపు వన్నె పువ్వులు పూచును.

మారేడు: మనకు నిత్యపూజకు పత్రినిచ్చు ఈ చెట్టు కూడ కొంతకాలము ఆకు రాల్చును. ముళ్లును, గట్టి కాయలును మాత్రము నిలుచును. ఏడాది పొడవునను ఇచ్చిన చెట్టు కొన్ని దినములు ఈయలేకపోయినంత మాత్రమున దానిపై నీరు పోయుట మానము గదా.

ప్రకృతి, ప్రత్యయము

భాష చెప్పువాడను గనుక వ్యాకరణము నుండి ఒక దృష్టాంతము చెప్పెదను. ఒక పదమునకు విభక్తి ప్రత్యయములు చేరకముందున్న రూపమును ప్రకృతి యందురు. రాముడు, రాముని, రామునకు, రామునితో అని ప్రత్యయములు మాఱుచుండును. లోనున్న మూలరూపము మాఱదు. బాలుడు ముందుగా ప్రత్యయములనే వినును, వాడును. ప్రకృతిని గుర్తించిన నాడే అతనికి వ్యాకరణము వచ్చినట్లు. ఆకు, పువ్వు, కాయ వృక్షమునకు ప్రత్యయముల వంటివి. ఋతువును బట్టి వచ్చును, పోవును. వాని వెనుక నిలిచిన మ్రాను, కొమ్మ, రెమ్మల కూర్పే చెట్టు యొక్క ప్రకృతి. ప్రకృతి అను మాటకు ఈ రెండర్థములును ఉండుట నాకు ఎప్పుడును యాదృచ్ఛికమని తోచదు.

ఆ కూర్పులో ఒక క్రమమున్నది. పదునైదవ శతాబ్ది ఇటలీ దేశపు చిత్రకారుడు లియొనార్డో డావించి (1452–1519) చెట్లను గీయుచు ఒక విషయము గమనించెను. ఒక మ్రాను రెండు మూడు కొమ్మలుగా చీలినప్పుడు, ఆ కొమ్మల లావులన్నియు కలిపినచో సుమారు మ్రాను లావునకు సరిపోవునని అతడు వ్రాసెను. అన్ని చెట్లకును ఇది ఖచ్చితముగా కుదరకపోయినను, స్థూలముగా నిజము. వాగులు కలిసి ఏఱగుటకును, ఏళ్లు కలిసి కృష్ణ యగుటకును, మన దేహమున నాళములు చీలుటకును ఇట్టి క్రమమే కనబడును. ఆకులున్నంత కాలము ఈ క్రమము మఱుగున పడియుండును. శిశిరమున ఉదయపు టెండలో చెట్టు క్రింద నిలిచి నేలను చూడుడు. కొమ్మల నీడ ముగ్గు వలె పఱచుకొని యుండును. సంక్రాంతి ముగ్గులు వాకిళ్లనుండి చెరిగిన కొలది దినములకే చెట్లు తమ ముగ్గులు పెట్టుచున్నవి.

మఱియొక లాభము కూడ కలదు. ఆకుల చాటున ఏడాది యంతయు దాగిన పక్షిగూళ్లు, తేనెతుట్టెలు, చిలుకల తొఱ్ఱలు అన్నియు ఇప్పుడు బయటపడును. మనము నీడకై మాత్రమే నిలిచిన చెట్టున ఎన్ని కాపురములున్నవో అప్పుడు తెలియును.

అపర్ణ

సంస్కృతమున పర్ణమనగా ఆకు. ఆకు లేనిది అపర్ణ. ఈ పేరు పార్వతీదేవిది. శివునికై తపస్సు చేయుచు, రాలిన ఆకులను మాత్రమే తినియుండి, తుదకు వానిని కూడ మానుటచే ఆమెకు అపర్ణ యను పేరు వచ్చెనని కాళిదాసు కుమారసంభవము అయిదవ సర్గలో చెప్పెను. ఆభరణములతో ఉన్ననాటి పేర్లు ఆమెకు ఎన్నియో కలవు. అన్నియు విడిచిన నాటి పేరును లోకము గౌరవముతో పిల్లలకు పెట్టుకొనుచున్నది. ఇది గమనింపదగినది. ఆకు లేమిని హీనముగా కాక మహిమగా చూచిన సంప్రదాయము మనకు పూర్వము నుండియు కలదు. మోడు అను మాట నోట పడిన వేళ దానిని మఱచితిమి.

శ్రీశైల మార్గమున ఈ భావము మఱింత దగ్గఱగా తోచును. పండ్రెండవ శతాబ్దిలో అక్క మహాదేవి రాజగృహమును, ఆభరణములను, తుదకు వస్త్రమును కూడ విడిచి, కేశములే ఆచ్ఛాదనముగా కల్యాణము చేరెననియు, అచ్చటినుండి శ్రీశైలపు కదళీవనమునకు వచ్చి మల్లికార్జునునియందు ఐక్యమయ్యెననియు సంప్రదాయము చెప్పుచున్నది. ఆమెను నాడు చూచినవారిలో ఆమె విడిచినవానినే లెక్కించినవారు కొందఱు. ఆమెలో నిలిచియున్నదానిని చూచినవారు కొందఱు. అనుభవ మంటపమున శరణులు రెండవ తెగవారు. చెట్టును చూచుటలోను ఈ రెండు తెగలు కలవు.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ఆకు రాల్చుట అందమని చెప్పుట, లేమియే అందమని చెప్పుట కాదు. ఆకలిగొన్నవానికి నిరాడంబరతను బోధించుట క్రూరత్వము. చెట్టు తన ఆకును తానే, తగిన కాలమున, తన ప్రాణరక్షణకై విడిచినది. దానిని ఎవరో వచ్చి దూసివేసినచో అది అందము కాదు, దోపిడి. తాను విడుచుటకును, దోచుకొనబడుటకును గల భేదమును పిల్లలకు తెలియజెప్పవలెను.

రెండు యాత్రలు, ఒకే అడవి

శివరాత్రికి వెళ్లినవారు ఉగాదికి మఱల అదే బాటను నడచినచో ఒక వింతను చూతురు. నడుమ కాలము సుమారు ఒక నెల. శివరాత్రి రాత్రి చంద్రుడు లేడు. ఆకులు లేని కొమ్మల సందున ఆకాశమంతయు నక్షత్రములు కనబడును. తొలి జామున తలయెత్తి చూచినచో రుద్రుడు అధిదేవతయైన ఆర్ద్రా నక్షత్రము ఎఱ్ఱగా వెలుగుచుండును. ఆకుల అడవిలో రాత్రి నడచువానికి ఆకాశము లేదు. ఆకు రాల్చిన అడవిలో ఆకాశము కొమ్మకొమ్మకును తగిలించినట్లుండును.

ఉగాది నాటికి వేప చిగిర్చి పూచుచుండును. రావి ఆకు రాల్చిన కొలది దినములకే రాగి వన్నె చిగుళ్లు తొడుగును. ఇప్ప పువ్వు రాలుచుండును. విశేషమేమనగా, అప్పటికి వాన పడలేదు, ఎండలు ముదురుచున్నవి. వాన రాకమునుపే, నేల ఎండియుండగనే, ఇట్టి చెట్లు మ్రానులోను, లోతైన వేళ్లయందును దాచుకొన్న నీటితో చిగిర్చును. ఆకులను విడిచి మిగిల్చిన నీరే చిగురునకు పెట్టుబడి. టేకు వంటి కొన్ని మాత్రము తొలకరి వఱకును వేచియుండును. ఏది ముందు, ఏది వెనుక యను తొందర వానికి లేదు. ఒకే నేల, ఒకే వాన. అయినను చిగిర్చు వేళ దేనిది దానిది. ఒక తరగతిలో నలువదిమంది పిల్లలను చూచు ఉపాధ్యాయునకును, నలుగురు పిల్లలను పెంచు తల్లికిని ఇంతకంటె కావలసిన పాఠమేమి?

రాలిన ఆకు

చెట్టు విడిచిన ఆకు వ్యర్థము కాదు. నేలపై పఱచుకొని తేమను ఆపును. విత్తనమును కప్పును. తొలకరి తరువాత చెదలును, బూజును, సూక్ష్మజీవులును దానిని మట్టి చేయగా, చెట్టు వెనుకకు తీసికొనక విడిచిన సగము పోషకములు మఱల వేళ్లకు చేరును. తీసికొన్నది సగము, నేలకిచ్చినది సగము. దాసోహమను మాటకు ఈ లెక్క దూరము కాదు.

కాని ఈ ఆకే నిప్పునకు మేత కూడ. మాఘము మొదలు వైశాఖము వఱకు మన అడవులకు అగ్నిభయమెక్కువ. ఆర్పక విడిచిన పొయ్యి, విసరివేసిన చుట్ట ముక్క, ఇప్పపువ్వు ఏఱుటకు నేల శుభ్రపడునని పెట్టిన మంట – ఇట్టివానిచే కొండలు కాలిపోవుచున్నవి. పెద్ద చెట్లు మందమైన బెరడుచే కొంత తట్టుకొనును, మొలకలు కాలిపోవును, నేలపై గూడు కట్టు పక్షుల గ్రుడ్లు మాడిపోవును. ఆకులోని నత్రజని పొగతోపాటు గాలిలో కలిసిపోయి నేలకు దక్కదు. శ్రీశైలము చుట్టునున్న ఈ అడవి 1983లో పులుల అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2014 తరువాత ఆంధ్రప్రదేశమున నాగార్జునసాగర్ శ్రీశైలము, తెలంగాణమున అమ్రాబాద్ అని రెండు పేర్లతో రక్షింపబడుచున్నది. యాత్రకు పోవు మనము దేవుని ఇంటికి పోవుచు దేవుని తోటకు నిప్పు పెట్టువారము కారాదు. మఠములవారు యాత్రికులకు ప్రసాదముతోపాటు ఈ మాట కూడ చెప్పి పంపుట మేలు. అన్నదాన శిబిరముల యొద్ద పొయ్యి ఆఱిన పిదప నీరు చల్లి మన్ను కప్పుటకు ఒకరిని నియమించినచో చాలును.

పల్లెలలో కూడ వేపాకును, రావియాకును ఊడ్చి కుప్పవేసి కాల్చుట వాడుక. దానికి బదులు పెరటిలో ఒక గోయి త్రవ్వి అందు వేసి, పేడనీరు చల్లి, మన్ను కప్పినచో మఱుసటి పంటకు ఎరువగును.

ఇంటింట చేయదగిన అభ్యాసములు

పెద్దలు పిల్లలతో కూడి ఈ క్రింది పనులు చేసినచో పాఠము పుస్తకమున నిలిచిపోక కంటికి పట్టును.

1. మీ వీథిలోగాని చేనిగట్టునగాని ఒక చెట్టును ఎంచుకొని, సంక్రాంతి మొదలు ఉగాది వఱకు వారమునకొకసారి చూచి, ఏమి మాఱెనో వ్రాసికొనుడు.

2. ఆకు రాలిన రెమ్మను పరిశీలించి మచ్చను, దానిపై మొగ్గను గుర్తింపుడు. మచ్చ ఆకారము ఏ చెట్టునకు ఎట్లున్నదో పోల్చి చూడుడు.

3. చెట్టును గీయుమన్నచో పిల్లలు ఒక కఱ్ఱపై పచ్చని బంతిని గీయుదురు. ఆకులు లేని చెట్టు ఎదుట కూర్చుండబెట్టి కొమ్మలను మాత్రమే గీయుమనుడు. ఎన్నడును చూడని చెట్టును చూచినట్లు వారికే తోచును.

4. ఎండినదని తోచిన చెట్టును నరుకుటకు ముందు నాలుగైదు లేత కొమ్మల బెరడును గోటితో కొంచెము గీకి చూడుడు. లోపల పచ్చదనము, తడి యున్నచో అది బ్రతికియున్నది. అనుమానము తీరనిచో తొలకరి వానలు కురిసి ఒక నెల గడచు వఱకు గొడ్డలి ముట్టవలదు.

5. ఇంట వృద్ధులున్నచో వారిని గ్రామపు పాత చెట్ల పేర్లడిగి వ్రాసికొనుడు. ఆకు లేనప్పుడు బెరడును చూచి చెట్టు పేరు చెప్పగలవారు నానాటికి తఱుగుచున్నారు.

6. “మోడువారిన బ్రతుకు” అను మాటను మనుష్యులను గూర్చి వాడకుందుమని ఇంటిల్లిపాదియు అనుకొనుడు. ఎవరైన వాడినచో, ఆకు మచ్చపైనున్న మొగ్గ సంగతి వారికి చెప్పుడు.

అందమును చూచుటకు కన్ను చాలదు, కొంత కాలము నిలువవలెను. పూచిన చెట్టు మనలను పిలిచి నిలుపును. ఆకు రాల్చిన చెట్టు పిలువదు, మనమే నిలువవలెను. ఈ శివరాత్రికి అడవి బాట పట్టువారు నడుమ ఎచ్చటనైన ఒక తపసి చెట్టు యొద్దనో, ఒక నల్లమద్ది యొద్దనో కొంచెము సేపు ఆగుడు. బెరడుపై చేయి యుంచుడు. లోపల నీరు ఉన్నది, ప్రాణము ఉన్నది, రాబోవు ఆకు ఉన్నది. అది తెలిసిన పిమ్మట అడుగు ముందుకు వేయుడు.